చంకలో బిడ్డ, ఎదురుగా ఉప్పల్ రింగురోడ్డు



పాలు తాగి పడుకోవడం తప్ప వేరే పనిలేని పసిగుడ్డుకు ఊళ్ళో తిరగాల్సిన అవసరం ఏమొచ్చిందని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు టీకాల కార్డు చూపిస్తే చాలు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ టీకా. ఆరో వారంలో ఒకసారి, పదో వారంలో ఒకసారి, పద్నాలుగో వారంలో ఇంకోసారి. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా. ఇవి తప్పనివి. వీటికి తోడు కామెర్ల అనుమానం, పాలు కక్కుతోందన్న భయం, బరువు పెరగలేదన్న బెంగ, మేనమామ పెళ్ళి, యాదగిరిగుట్ట మొక్కు. ఇల్లు కదలని పెద్దవాళ్ళ కంటే నెలల బిడ్డే ఎక్కువ తిరుగుతుంది. కాకపోతే ఆ తిరుగుడు భారమంతా ఎత్తుకున్నవాళ్ళ నడుము మీద పడుతుంది.

నేను హైదరాబాదులో నాచారంలో ఉంటాను. మా అమ్మాయి పురిటికి వచ్చి కొన్ని నెలలు మా దగ్గరే ఉంది. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక నాకు ఏళ్ళ తరబడి తెలిసిన దారులే. చంకలోకి మనవరాలు చేరాక మాత్రం ఆ దారుల్లో వేరే సంగతులు పట్టించుకోవడం మొదలైంది. ఎక్కడ మెట్టు ఎత్తుగా ఉంది, ఏ బస్టాపులో నీడ ఉంది, లిఫ్టు రోడ్డుకు ఏ పక్కన ఉంది, ఎక్కడ కూర్చుంటే పిల్ల తల్లి నాలుగు నిమిషాలు నిమ్మళంగా పాలివ్వగలదు. అలా తిరగ్గా తిరగ్గా నాకు తేలిందేమిటంటే, బండిలో కూర్చున్నంతసేపూ పెద్ద బాధేమీ లేదు. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కేలోపే ఉంది బాధంతా. ఉప్పల్ నుంచి అమీర్‌పేట ఏమంత దూరం కాదు. మెట్రో స్టేషను కింద లిఫ్టు దగ్గర్నుంచి ఆటో ఆగే చోటి దాకా ఉన్న నూరు గజాలే దూరం.

నాచారం నుంచి నీలోఫర్ ఆస్పత్రికి పోవాలనుకుందాం. ఈ ఊళ్ళో బిడ్డకు జబ్బు చేస్తే పేదాగొప్పా అందరి నోటా మొదట వచ్చే పేరు అదే. నిజాం కోడలు నీలోఫర్ తన దగ్గర పనిచేసే అమ్మాయి 1949లో కాన్పు కష్టమై చనిపోతే తట్టుకోలేక, తల్లులకూ పిల్లలకూ ఒక ఆస్పత్రి ఉండాలని పూనుకున్నదట. ఆమె పేరుతోనే రెడ్‌హిల్స్‌లో ఆస్పత్రి వెలిసింది. సరే, అక్కడికి పోయే దారి చూడండి. ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా నడక. నాచారానికి మెట్రో లేదు కాబట్టి షేర్ ఆటోలోనో బస్సులోనో హబ్సిగూడ చౌరస్తాకు రావాలి. అక్కడ రోడ్డు దాటి, లిఫ్టు వెతుక్కుని పైకెక్కి, నాగోల్ వైపు నుంచి వచ్చే రైలు పట్టుకోవాలి. అమీర్‌పేటలో దిగి రెండో లైనుకు మారాలి. అక్కడ రెండు లైన్లూ ఒకదాని పైన ఒకటి పోతాయి, మధ్యలో మెట్లూ ఎస్కలేటర్లూ వాటి మీద విరగబడే జనమూ. ఆ తర్వాత లక్డీకాపూల్‌లో దిగి, మళ్ళీ కిందికి, మళ్ళీ ఆటో. రైల్లో ఉన్నది కాసేపే. ఎక్కడం, దిగడం, దాటడం, వెతుక్కోవడం, ఇవే పూటంతా.

రైలు సంగతి చెప్పాలంటే నాకు మెట్రో మీద ఫిర్యాదు లేదు. 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి నాగోల్ దాకా మొదటి ముప్పై కిలోమీటర్లు మొదలయ్యాయి. మన ఉప్పల్, హబ్సిగూడ మొదటి రోజు నుంచీ అందులో ఉన్నాయి. చల్లగా ఉంటుంది, కుదుపు లేదు, పొగ లేదు, ముందు బోగీలో ఆడవాళ్ళకు చోటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆటోలో గుక్కపట్టి ఏడ్చిన పిల్ల మెట్రో ఎక్కగానే నిద్రపోతుంది. పసిపిల్లల తల్లులకు నా సలహా ఒక్కటే: ఉదయం ఆఫీసుల వేళ, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ వద్దు. పదిన్నర దాటాక బయల్దేరి నాలుగు లోపు తిరిగి రండి. ఐపీఎల్ రోజుల్లో అయితే ముందు ఉప్పల్ స్టేడియంలో మ్యాచి ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఆ సాయంత్రం ఉప్పల్ వైపు బిడ్డనేసుకుని రావద్దు. కొత్త జెర్సీలేసుకుని బూరాలు ఊదే కుర్రాళ్ళ మధ్య మూడు నెలల పిల్ల చెవులకు ఏ దిక్కూ ఉండదు.

లిఫ్టు గురించి మాత్రం ఒక మాట అనకుండా ఉండలేను. స్టేషన్లకు లిఫ్టులున్నాయి. వాటి ముందు వరసలో నిలబడేవాళ్ళలో సగం మంది మెట్లు మూడేసి చొప్పున దూకగలిగిన వయసు పిల్లలు. ఫోను మీంచి తల ఎత్తరు. చంకలో పిల్ల, చేతిలో సంచి ఉన్న మనిషి వాళ్ళ వెనక నిలబడి రెండో విడతకు ఎదురు చూడాలి. ఇది తప్పని చెప్పడానికి చట్టమేదీ అక్కర్లేదనుకుంటా.

ఇక ఉప్పల్ రింగురోడ్డు. వరంగల్ రోడ్డు, సికింద్రాబాద్ రోడ్డు, రామంతాపూర్ మీదుగా అంబర్‌పేట పోయే రోడ్డు, నాగోల్ మీదుగా ఎల్బీనగర్ పోయే రోడ్డు, నాలుగూ ఒక్కచోట కలుస్తాయి. యాదగిరిగుట్ట, వరంగల్ వైపు పోయేవాళ్ళంతా బస్సు కోసం ఇక్కడే నిలబడతారు. ఒకప్పుడు చెయ్యి అడ్డం పెట్టి, దేవుడి పేరు తలుచుకుని దాటడమే. చేతిలో బిడ్డ ఉంటే ఆ చెయ్యి కూడా అడ్డం పెట్టలేం. 2023 జూన్ 26న ఇక్కడ స్కైవాక్ తెరిచారు. చౌరస్తా చుట్టూ తలల పైన ఆరువందల అరవై మీటర్ల కాలిదారి. దానికి ఎనిమిది లిఫ్టులు, నాలుగు ఎస్కలేటర్లు, మెట్లు. మెట్రో స్టేషన్‌లో టికెట్లిచ్చే అంతస్తు నుంచే నేరుగా దీని మీదికి రావచ్చు. అంటే రైలు దిగినవాళ్ళు నేల మీదికి దిగి, దాటి, మళ్ళీ ఎక్కనక్కర్లేదు. రామంతాపూర్ రోడ్డు వైపో, వరంగల్ బస్సులు ఆగే వైపో పైనుంచే పోయి, కావలసిన చోట లిఫ్టులో దిగొచ్చు.

ఇది కట్టినప్పుడు ఎంతమంది దీన్ని వాడతారు, ఇంత డబ్బు దండగ కదా అని మా కాలనీలోనే అన్నవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరూ పసిబిడ్డతో ఆ చౌరస్తా దాటినవాళ్ళు కారు. నేను మాత్రం ఈ నగరంలో ఈమధ్య కట్టిన వాటన్నిటిలో దీన్ని ముందు వరసలో పెడతాను. పై నుంచి చూస్తే కింద హారన్ల మోత, దుమ్ము, బస్సుల వెంట పరుగులు. పైన గాలి వీస్తుంటుంది. పిల్లను భుజాన వేసుకుని తాపీగా నడవచ్చు. సాయంత్రాలు ఊరికే వాహ్యాళికి వచ్చే ముసలివాళ్ళనూ చూశాను.

కిందికి దిగాక కథ మారిపోతుంది. స్కైవాక్ మీద రాజమార్గంలో వచ్చిన మనిషి లిఫ్టు తలుపు తెరుచుకోగానే మోటారు సైకిళ్ళ మధ్యలోకి దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో కాలిబాటల గురించి ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. మనిషి నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా వదలాలి, రోడ్డు మీంచి ఎత్తు పదిహేను సెంటీమీటర్లు మించకూడదు. అంటే దాదాపు ఆరడుగుల వెడల్పు, జానెడు కూడా లేని ఎత్తు. ఈ కొలతలు పెట్టుకుని హబ్సిగూడ నుంచి నాచారం వైపు నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఒకచోట మోకాలెత్తున ఉంటుంది, ఇంకోచోట అసలుండదు. ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన చాయ్ బండి, దాని పక్కన ఆగిన బండ్లు, ఆ తర్వాత మూత కదులుతున్న మ్యాన్‌హోలు. చాయ్ బండివాడిని నేను తప్పు పట్టను. అతని బతుకు అది. ముందే చోటు లేకుండా వేసిన దారిలో అతనూ నేనూ పోట్లాడుకోవడం ఎవరికి లాభం?

వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు వంతెన కట్టాలని 2018లో శంకుస్థాపన చేశారు. ఏళ్ళు గడిచినా పని తెమలలేదు. ఆ స్తంభాల కింద గుంతలు, దుమ్ము, మళ్ళింపులు బోడుప్పల్, పీర్జాదిగూడ వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆ దుమ్ములో బిడ్డ మొహం మీద పలచని గుడ్డ కప్పుకుని ఆటోలో పోయే తల్లులను ఎందరినో చూశాను. పెద్ద వంతెన కట్టేటప్పుడు దాని కింద బతికే రోడ్డును కూడా పనిలో భాగంగా చూసుకోవాలి కదా.

ఇలాంటి దారుల్లో మా అల్లుడు ముచ్చటపడి కొన్న స్ట్రోలర్ సంగతి ఏమైందంటారా? అపార్టుమెంటు సెల్లారులో రెండు చుట్లు తిరిగింది. ఆ తర్వాత బాల్కనీలో పొత్తిగుడ్డలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. మెట్రోలో, మాల్‌లో దాన్ని తొయ్యచ్చు, నిజమే. కానీ అక్కడిదాకా దాన్ని మడిచి ఒక చేత్తో, బిడ్డను ఒక చేత్తో మోసుకుపోవాలి. మన వీధులకు పనికొచ్చేది జోలె. భవనాల దగ్గర ఇసుక మోసే ఆడవాళ్ళు, లంబాడా తండాల తల్లులు చీర చెంగుతోనో దుప్పటి ముక్కతోనో బిడ్డను ఒంటికి కట్టుకుని రెండు చేతులతో పని చేసుకోవడం మనం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. అదే ఇప్పుడు బెల్టులు, బకిల్సు పెట్టుకుని బేబీ క్యారియర్ పేరుతో వేల రూపాయలకు అమ్ముడవుతోంది. కొనుక్కోండి, తప్పులేదు. బిడ్డ మొహం మీకు కనిపిస్తూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనుకోకుండా ఉండాలి, ముక్కుకు గుడ్డ అడ్డం రాకూడదు. మెడ నిలవని పిల్లకు తల వెనక మీ చెయ్యి ఎప్పుడూ ఉండాలి.

బస్సు మాట వేరు. సిటీ బస్సు మెట్టు ఎత్తు, బిడ్డతో ఎక్కడం కష్టం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. ఐదేళ్ళ లోపు పిల్లలకు అంతకు ముందే లేవు. దాంతో ఆటో కిరాయికి జంకి ఇంట్లోనే ఉండిపోయిన తల్లులు బిడ్డలతో బయటికొచ్చారు. బస్సులు కిక్కిరిశాయి. కిక్కిరిసినా సరే, ఆ బస్సుల్లో నేను చూసిన ఒక పద్ధతి ఇంకే బండిలోనూ చూడలేదు. ఫుట్‌బోర్డు దగ్గర తల్లి తటపటాయిస్తుంటే లోపల్నుంచి ఒక చెయ్యి వస్తుంది. "పాపనిట్ల ఇయ్యక్కా, నువ్వు ఎక్కు ముందుగల్ల" అంటుంది ఎవరో. ముక్కూమొహం తెలియని మనిషి చేతికి బిడ్డను అందించి, కమ్మీ పట్టుకుని ఎక్కి, చూస్తే పిల్ల నాలుగో సీటు దాకా చేతులు మారి, ఎవరి ఒళ్ళోనో కూర్చుని వాళ్ళ గాజులు పట్టుకు లాగుతుంటుంది. కండక్టరు ఈ తతంగం అయ్యేదాకా "హోల్డాన్" అని బండి ఆపుతుంది. తర్వాతే "రైట్ రైట్".

బస్సుకూ పసిబిడ్డలకూ ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. 2021 చివర్లో మన ఆర్టీసీ బస్సుల్లోనే పుట్టిన ఇద్దరు ఆడపిల్లలకు సంస్థ జీవితాంతం ఉచిత పాసు ఇచ్చింది. 2024 జూన్‌లో కరీంనగర్ బస్టాండులో ఒడిశా నుంచి పనికొచ్చిన ఒకావిడకు నొప్పులు మొదలైతే, ఆర్టీసీ ఆడ సిబ్బంది చీరలు అడ్డం పెట్టి కాన్పు చేశారు. ఆ పిల్లకూ పాసు ఇచ్చారు.

కానీ బస్సులో తండ్రి సంగతి ఎవరూ ఆలోచించరు. మా అల్లుడు పిల్లనెత్తుకుని ఎక్కితే ముందు వైపు ఆడవాళ్ళ సీట్ల దగ్గర నిలబడడానికి మొహమాటం, వెనక వైపు లేచి చోటిచ్చేవాడు లేడు. తల్లి చేతిలో బిడ్డ ఉంటే లేచేవాళ్ళు, అదే బిడ్డ తండ్రి చేతిలో ఉంటే కిటికీలోంచి బయటికి చూస్తారు. బరువు ఇద్దరికీ ఒకటే. బిడ్డ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు సీటు, అంతే.

స్కూటర్ గురించి మాట్లాడకపోతే ఉప్పల్, నాచారం గురించి మాట్లాడినట్టే కాదు. ఇక్కడ చాలా ఇళ్ళలో ఉన్న బండి అదొక్కటే. భర్త నడుపుతాడు, భార్య ఒక పక్కకు కూర్చుంటుంది, బిడ్డ ఇద్దరి మధ్యలో. కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఒక నియమం తెచ్చింది, ఏడాది తర్వాత అమలులోకి వచ్చింది. నాలుగేళ్ళ లోపు పిల్లను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్తే, నడిపే మనిషికి కలిపి కట్టే పట్టీ వెయ్యాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ దాకా పిల్లలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. మన రోడ్ల మీద ఇవన్నీ పాటించేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. తొమ్మిది నెలల లోపు బిడ్డకు హెల్మెట్ ప్రస్తావన కూడా లేదంటే ఏమర్థం చేసుకోవాలి? నా మటుకు నేను, మెడ నిలవని బిడ్డ స్కూటర్ ఎక్కకూడదని అర్థం చేసుకున్నాను. ఆటో కిరాయి దండగ అనిపిస్తుంది. ఆ ఒక్క ఏడాదికీ దండగే అనుకోండి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా చూసుకోవడం ఎవరికైనా చెప్పాల్సిందే.

కారున్నవాళ్ళకూ చట్టం ఉంది. 2019 సవరణ ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టి కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ముందు సీట్లో ఒళ్ళో బిడ్డను పెట్టుకుని కూర్చోవడం ముద్దుగా ఉంటుంది, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ ముద్దు పనికిరాదు.

నాచారానికి ఇంకో సంగతుంది. ఇది పారిశ్రామికవాడ. ఈఎస్ఐ ఆస్పత్రి ఉన్న ఊరు. ఫ్యాక్టరీల్లో, ప్యాకింగ్ యూనిట్లలో పనిచేసే ఆడపిల్లలు ఎక్కువ. 2017 నుంచి ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలైంది. అది అయిపోయాక? అప్పుడు మొదలవుతుంది బిడ్డకు రోజూ ప్రయాణం, అమ్మమ్మ ఇంటికో, ఎవరో తెలిసినావిడ దగ్గరికో. యాభై మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలని చట్టం చెబుతుంది. యాభై మంది లేని యూనిట్లే మన సందుల్లో ఎక్కువ. పొద్దున్నే లారీల మధ్య బిడ్డను ఒకచోట దింపి, ఇంకోచోటికి డ్యూటీకి పరిగెత్తే తల్లికి ఏ స్కైవాకూ అడ్డం రాదు, అక్కరకూ రాదు.

అందుకే తప్పించుకోగలిగిన ప్రయాణాలు తప్పించుకోండని చెబుతాను. టీకాలకు ఊరు దాటి పోనక్కర్లేదు. మన దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో బుధ, శనివారాల్లో వేస్తారు, డబ్బు లేదు, మందు అదే. చిన్న జలుబు, దగ్గులకు 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. సర్కారు ఆస్పత్రిలో కాన్పయినవాళ్ళను 102 వాహనం ఇంటి దగ్గర దింపుతుంది, అడగండి. ఊరికి రైల్లో పోవాలంటే 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచారు. మీ రైలు అక్కడ ఆగుతుందేమో చూసుకుంటే నాచారం, మల్లాపూర్ వాళ్ళకు సికింద్రాబాద్ స్టేషను తొక్కిసలాట తప్పుతుంది. ఊరికే పిల్లకు గాలి మార్పు కావాలంటే ఉప్పల్‌లో మినీ శిల్పారామం ఉంది.

పై దేశాల్లో ఇదంతా ఎలా ఉందని అడుగుతారు. వియన్నా నగరంలో 1999లో జనం రోజూ ఎటెటు పోతున్నారో సర్వే చేశారు. మగవాళ్ళు చాలామంది పనికి పోయాం, ఇంటికి వచ్చాం అని రాసి ఊరుకున్నారట. ఆడవాళ్ళు మాత్రం పిల్లను డాక్టరు దగ్గరికి, పెద్దదాన్ని బడికి, అటునుంచి కూరగాయలకు, ముసలి తల్లిని చూడటానికి అని పేజీలు నింపారట. అది చూసి ఆ ఊరివాళ్ళు నడిచే దారులు వెడల్పు చేశారు, మెట్ల పక్కన ఏటవాలు దారులు వేశారు, దీపాలు పెంచారు. అడిగి తెలుసుకోవడంతో మొదలైందది. మన దగ్గర ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. వేస్తే నాచారం ఆడవాళ్ళ దగ్గరా రాయడానికి చాలానే ఉంది.

వినే పెద్దలకు రెండు మనవులు. మెట్రో లిఫ్టు దగ్గర మీ వెనక బిడ్డతో ఎవరైనా ఉన్నారేమో ఒకసారి తిరిగి చూడండి, కాళ్ళున్నవాళ్ళు మెట్లెక్కండి. రోడ్ల పని చూసే అధికారులకు ఇంకోటి. నగరమంతా ఒకేసారి బాగుచెయ్యమని నేను అడగడం లేదు. హబ్సిగూడ మెట్రో నుంచి నాచారం దాకా రోడ్డుకు ఒక్క పక్కనైనా ఆరడుగుల కాలిబాట తెగకుండా వెయ్యండి. ఈ ఎండాకాలం లోపు ఆ పని మొదలుపెట్టమని కోరుతున్నాను.